వేరుశనగ గింజల పుస్తకము

ఆదివారము ఉదయమున హైదరాబాదు ఆబిడ్స్ వీధులలో పెద్ద దుకాణములు అనేకము మూసియుండును. ఆ మూసిన తలుపుల ముందు, కాలిబాటపై, పాత పుస్తకముల అంగళ్ళు వెలయును. వైద్యశాస్త్ర గ్రంథములు, అపరాధ పరిశోధక నవలలు, నిఘంటువులు, వెనుకటి మాసపత్రికలు గుట్టలుగా పడియుండును. ఓపికతో వెదకువారికి ఆ గుట్టలలో ఒక్కొక్కప్పుడు అరచేతిలో ఇముడునంత చిన్న పుస్తకమొకటి కంటబడును. అట్ట మూలలు మడిగియుండును. కాగితములు తేనీటి రంగునకు తిరిగియుండును. అట్టపై గుండ్రని తలతో, నుదుట ఒక్క వంకర వెండ్రుకతో ఒక బాలుడు నిలిచియుండును. అతని ప్రక్కన నల్లని చెవుల తెల్లకుక్క. లోపల పుట తరువాత పుట హాస్యచిత్రములే. ఇది 'పీనట్స్', అనగా 'వేరుశనగ గింజలు' అను అమెరికా చిత్రమాలను కూర్చిన జేబు పుస్తకము.

దినపత్రిక ఆయుర్దాయము మనకందరకు తెలిసినదే. ఉదయము కాఫీతోపాటు చేతికి వచ్చును. మధ్యాహ్నమునకు నాలుగు చేతులు మారును. మరునాటికి అలమారు అరలో పఱచు కాగితమగును, లేదా అంగడిలో పొట్లమగును. వార్త ప్రక్కన ముద్రింపబడిన హాస్యచిత్రము గతియు అంతే. అట్లుండగా, ఒక్క ఉదయమునకై గీసిన నాలుగు గడుల బొమ్మ, 60 ఏండ్ల పిమ్మట, సముద్రములు దాటివచ్చి, మన కాలిబాటపై మరల నవ్వు పుట్టించుచున్నది. దీనికి చిత్రకారుని ప్రతిభ యొక్కటే కారణము కాదు. ఆ బొమ్మలను పత్రికనుండి తీసి పుస్తకముగా కూర్చిన పనికి కూడ అందులో భాగము కలదు. ఆ పని దేనిని నిలిపినది, దేనిని మార్చినది, దేనిని విడిచిపెట్టినది అను మూడు విషయములను ఇచట పరిశీలింతము.

ముందుగా చిత్రమాల యన నేమో చెప్పవలెను. ఇంగ్లీషున దీనిని కామిక్ స్ట్రిప్ అందురు. మూడు నాలుగు గడులలో ఒక చిన్న సంఘటనను చూపి, పాత్రల మాటలను వారి తలలపై బుడగలలో వ్రాసి, చివరి గడిలో నవ్వించు ప్రక్రియ ఇది. అమెరికాలో దీని వ్యాపారమంతయు సిండికేట్లు అను సంస్థల చేతులలో నడచెను. చిత్రకారుడు బొమ్మను సిండికేటునకు ఇచ్చును; సిండికేటు దానిని అనేక పత్రికలకు ఒకేసారి అమ్మును. పెద్ద పత్రిక ఎక్కువ చందాను, చిన్న పత్రిక తక్కువ చందాను చెల్లించును. సీసపు అచ్చుల కాలములో సిండికేటు ఆ బొమ్మ నకళ్ళను దళసరి అట్టపై అదిమిన మూసలుగా చేసి తపాలాలో పంపెడిది. పత్రిక కార్యాలయమున ఆ మూసలో కరగిన లోహమును పోసి అచ్చు తీసి, ముద్రణ అయిన పిదప దానిని మరల కరగించెడివారు. బొమ్మ నిలువయుండుటకు కాదు, ప్రయాణము చేయుటకే ఈ ఏర్పాటు. మరుసటి దినమునకు మరియొక మూస సిద్ధముగా నుండెడిది.

ఈ విధమైన నిత్యవ్యయపు లోకములో ప్రవేశించినవాడు ఛార్లెస్ షుల్జ్. ఆయన 1922 నవంబరు 26వ తేదీన అమెరికాలోని మినియాపొలిస్ నగరమున జన్మించి, ప్రక్కనున్న సెయింట్ పాల్ నగరమున పెరిగెను. తండ్రి క్షురకుడు, స్వంత దుకాణము నడపెడివాడు. తండ్రీకొడుకులిద్దరకు ఆదివారపు పత్రికలలోని చిత్రమాలలనిన ప్రాణము. పుట్టిన కొలది దినములకే బాలునకు 'స్పార్కీ' అను ముద్దుపేరు కలిగెను. అదియు ఆనాటి ఒక చిత్రమాలలోని గుఱ్ఱము పేరునుండి వచ్చినదే. చిత్రకళను ఆయన కళాశాలలో గాక, తపాలా ద్వారా పాఠములు పంపు సంస్థయొద్ద నేర్చుకొనెను. 1943లో, ఆయన సైన్యములో చేరిన కొలది కాలమునకే, తల్లి మరణించెను. యుద్ధమునకు ఐరోపా వెళ్ళివచ్చిన పిమ్మట, తాను విద్యార్థిగా నున్న ఆ తపాలా పాఠముల సంస్థలోనే బోధకుడయ్యెను. అచటి సహోద్యోగి యొకనినుండియే చార్లీ బ్రౌన్ అను పేరు గ్రహించెను. కథలోని చార్లీ బ్రౌన్ తండ్రికి కూడ క్షురకవృత్తినే ఇచ్చుటలో ఆయన బాల్యము కనబడుచున్నది.

1947నుండి 1950 వరకు ఆయన సెయింట్ పాల్ పత్రికయొకదానిలో 'లిల్ ఫోక్స్', అనగా 'చిన్నవారు' అను శీర్షికతో వారమున కొకసారి బొమ్మలు గీసెను. 1950లో వాని నమూనాలను తీసికొని న్యూయార్కు పోగా, యునైటెడ్ ఫీచర్ సిండికేట్ వారు స్వీకరించిరి. కాని ఆ పేరు అంతకుముందున్న ఇతర చిత్రమాలల పేర్లను పోలియున్నదని మార్చి, 'పీనట్స్' అని పెట్టిరి. ఆనాటి పిల్లల టెలివిజన్ కార్యక్రమమొకదానిలో ప్రేక్షక బాలబాలికలు కూర్చుండు వరుసలకు వేరుశనగ పేరుండెడిది. అదియే ఈ నామకరణమునకు మూలము. ఇంగ్లీషులో ఆ మాటకు అల్పమైనది, లెక్కకు రానిది అను అర్థము కూడ కలదు. తన పనికి గౌరవము తెచ్చు పేరు కాదని షుల్జ్ జీవితాంతము బాధపడెను. 1950 అక్టోబరు 2వ తేదీన ఏడు పత్రికలలో ఈ చిత్రమాల ఆరంభమయ్యెను.

ఆ దినములలో పత్రికా సంపాదకులకు స్థలము కరవు. అందుచేత సిండికేటు వారు దీనిని స్థలము ఆదాచేయు చిత్రమాలగా అమ్మజూచిరి. నాలుగు గడులును సమాన పరిమాణమున నుండవలెనని నియమము చేసిరి. అట్లుండినచో సంపాదకుడు తన వీలునుబట్టి వానిని ఒకే అడ్డవరుసగానైనను, నిలువుగా ఒకదానిక్రింద నొకటిగానైనను, రెండేసి చొప్పున చదరముగానైనను అమర్చుకొనవచ్చును. చిత్రకారునకు ఇది సంకెల వంటిది. ఇతర చిత్రమాలల వలె విశాలమైన దృశ్యములు గీయుటకు వీలు లేదు. దానితో ఆయన వివరములను తగ్గించెను. ఒక కంచె, ఒక చెట్టు, కొంచెము గడ్డి, పిల్లల ముఖములపై రెండు మూడు గీతలు, అంతే. పెద్దవారు దాదాపుగా కనబడరు. ఆ కొద్దిపాటి గీతలతోనే సిగ్గు, ఆశ, అవమానము, ఒంటరితనము తెలియజేయవలసి వచ్చెను. స్థలము లేమి ఆయన శైలి యయ్యెను. 1988 ఫిబ్రవరి 29 వరకు ఈ నాలుగు గడుల నియమము సాగెను.

పత్రికలో స్థలము ఆదాచేయుటకై ఏర్పడిన ఈ గడులు జేబు పుస్తకమునకు సరిగా సరిపోయినవి. ఇచట చౌక పుస్తకముల చరిత్రను కొంచెము స్మరింపవలెను. 1935లో ఇంగ్లండునందు ఆలెన్ లేన్ పెంగ్విన్ పుస్తకములను 6 పెన్నీల ధరకు విడుదల చేసెను. 1939లో అమెరికాయందు పాకెట్ బుక్స్ వారు 25 సెంట్లకే పుస్తకమును అందించిరి. గట్టి అట్ట, కుట్టుపని మానివేసి, పలుచని అట్టను జిగురుతో అంటించి, చౌక కాగితముపై వేలకొలది ప్రతులు ముద్రించుటయే ఇందలి రహస్యము. పుస్తకాలయములలోనే గాక మందుల దుకాణములలో, రైలు స్టేషన్లలో, వార్తాపత్రికల అంగళ్ళలో ఈ పుస్తకములు అమ్ముడుపోవుటచే, చదువరుల సంఖ్య మిక్కిలి పెరిగెను. పిల్లలు సయితము తమ చిల్లర డబ్బులతో పుస్తకము కొనగలిగిరి.

'పీనట్స్' మొదటి సంపుటము 1952లో రైన్‌హార్ట్ అను ప్రచురణ సంస్థనుండి పలుచని అట్టతో వెలువడెను. 1954లో 'మోర్ పీనట్స్', 1956లో 'గుడ్ గ్రీఫ్, మోర్ పీనట్స్', 1957లో 'గుడ్ ఓల్ చార్లీ బ్రౌన్', 1958లో 'స్నూపీ' అనుక్రమముగా వచ్చెను. 1960వ దశకమున ఫాసెట్ అను సంస్థ ఈ సంపుటములను ఒక్కొక్కదానిని రెండుగా విభజించి, జేబులో పట్టు పరిమాణమున, మరింత చౌకగా అచ్చువేసెను. బ్రిటన్‌లో కోరోనెట్ అను ముద్రతో ఇట్టి పుస్తకములే వెలువడినవి. రైన్‌హార్ట్ పుస్తకములకంటె ఈ చిన్న పుస్తకములే ఎక్కువ చేతులు మారినవి. బడిసంచిలో, రైలుపెట్టెలో, దిండుక్రింద అవి తిరిగినవి. పత్రికలో అడ్డముగా సాగిన నాలుగు గడులు ఇచట పుట ఆకారమునకు తగినట్లు పైనను క్రిందను సర్దుకొన్నవి. మూడవ గడికి, నాలుగవ గడికి నడుమ కన్ను క్షణకాలము దిగవలెను. హాస్యమునకు ఆ క్షణము మేలే చేసినది.

ఇక పుస్తకము దేనిని మార్చినదో చూతము. చార్లీ బ్రౌన్ గాలిపటము ఎగురవేయ యత్నించును. అది చెట్టుకొమ్మలలో చిక్కుకొనును. పత్రికలో ఇది ఒక ఉదయపు నవ్వు. మరల కొన్ని నెలలకు, వసంతకాలమున, మరియొక గాలిపటము మరియొక చెట్టున చిక్కును. అప్పటికి పాఠకుడు మొదటిదానిని మరచియుండును. పుస్తకములో ఆ రెండును పది పుటల యెడముతో కనబడును. మూడవసారి చిక్కినప్పుడు మనము నవ్వుచునే ఆ బాలుని ముఖమును చూతుము. ఇతడు అసమర్థుడని కాదు, ఇతడు మానడని మనకు తోచును. పత్రికలో పునరుక్తిగా నుండినది పుస్తకములో స్వభావముగా మారును.

బంతి తన్నుట అను సన్నివేశము దీనికి మంచి ఉదాహరణము. అమెరికా ఫుట్‌బాల్ ఆటలో కోలబంతిని ఒకరు నేలపై నిలిపి పట్టుకొనగా, మరియొకరు పరుగెత్తివచ్చి తన్నుదురు. లూసీ అను గడుసు బాలిక బంతిని పట్టుకొనును. చార్లీ బ్రౌన్ పరుగెత్తివచ్చును. ఆఖరు క్షణమున ఆమె బంతిని లాగివేయును. అతడు గాలిలో ఎగిరి వెల్లకిల పడును. 1951లో వయొలెట్ అను బాలిక చేతిలో ఇది మొదలయ్యెను. 1952 నవంబరులో లూసీ దీనిని చేపట్టెను. అటుపిమ్మట ఇంచుమించుగా ప్రతి శరత్కాలమునను ఏదో యొక కొత్త సాకుతో ఆమె అతనిని నమ్మించెడిది. సంవత్సరమున కొకసారి చదివినవానికి ఇది పండుగ వంటిది. పుస్తకములు వరుసగా చదివినవానికి ప్రశ్న మారును. లూసీ ఏల మోసగించుచున్నది అనుట మాని, చార్లీ బ్రౌన్ ఏల నమ్ముచున్నాడు అని ఆలోచించును. 1999 అక్టోబరులో వచ్చిన ఇట్టి చివరి చిత్రములో లూసీని తల్లి లోనికి పిలుచును; బంతిని తమ్ముడు రీరన్ పట్టుకొనును. తరువాత ఏమైనదో లూసీకి అతడు చెప్పడు, మనకును తెలియదు.

పాత్రల పెరుగుదల కూడ పుస్తకములోనే స్పష్టపడును. స్నూపీ అను కుక్క 1950 అక్టోబరు 4వ తేదీననే ప్రవేశించినది. కాని అప్పుడది నాలుగు కాళ్ళపై నడచు సామాన్యమైన కుక్కపిల్ల. దాని ఆలోచనలు బుడగలో కనబడుట 1952లో ఆరంభమయ్యెను. పిదప అది రెండు కాళ్ళపై నిలుచుట నేర్చెను. తన ఇంటి కప్పుమీద పరుండుట నేర్చెను. 1965 నాటికి ఆ కప్పునే విమానముగా భావించి మొదటి ప్రపంచ యుద్ధపు వైమానికునివలె పోరాడజొచ్చెను. లైనస్ అను బాలుడు 1954లో తన దుప్పటిని పట్టుకొనెను. దానిని విడువలేని అతని బెంగ ఒక సామెతగా ఇంగ్లీషు మాటలలో స్థిరపడెను. ష్రోడర్ అను బాలుడు బొమ్మ పియానోపై బేతోవెన్ సంగీతము వాయించును. ఆ గడులలోని స్వరలిపి కేవలము అలంకారము కాదు. షుల్జ్ దానిని నిజమైన సంగీత ప్రతులనుండి చూచి గీసెడివాడు. పత్రికను గబగబ తిరుగవేయువాడు ఇది గమనింపడు. పుస్తకము చేతనున్నవాడు ఆగి, తెలిసినచో, ఆ స్వరములను వాయించుకొనగలడు.

పిల్లల మాటలలో పెద్దల బెంగలు పలికించుట మనకు వింత కాదు. మన బుడుగు మాటలకు పిల్లలకంటె పెద్దలే ఎక్కువగా నవ్వుకొనిరి గదా! కాని చార్లీ బ్రౌన్ లోకమున అల్లరికంటె ఓటమి ఎక్కువ. అతని బేస్‌బాల్ జట్టు ఎప్పుడోగాని గెలువదు. అతడు ప్రేమించిన ఎఱ్ఱజుట్టు బాలికతో మాటలాడు ధైర్యము అతనికి చాలదు. ఆమె రూపమును షుల్జ్ దశాబ్దములపాటు చూపనేలేదు. ఈ ఓటములు ఒక్కొక్కటిగా చూచిన తేలికగా నుండును. కలిపి చూచిన బరువుగా నుండును. పండితులు దీనిని గమనించుట కూడ పుస్తకముల ద్వారానే జరిగెను. 1963లో ఇటలీ దేశమున మొదటి సంపుటము వెలువడినప్పుడు దానికి పీఠిక వ్రాసినవాడు ఉంబెర్టో ఎకో అను విఖ్యాత విమర్శకుడు. 1965లో అచట ఆరంభమైన చిత్రకథల మాసపత్రికకు 'లైనస్' అనియే పేరు పెట్టిరి. పత్రికలో చెదరియున్నంతకాలము హాస్యమనిపించుకొన్నది, అట్టల నడుమ చేరిన పిదప సాహిత్యముగా విచారింపబడెను.

అయితే పుస్తకము చేసినదంతయు మేలే అనుకొనరాదు. సంపుటము అనగా ఎంపిక. ఎంపిక అనగా కొంత తీసికొనుట, కొంత విడుచుట. దినమునకొక చిత్రము చొప్పున సంవత్సరమునకు 365 చిత్రములు వచ్చునప్పుడు, చిన్న పుస్తకములో అన్నియు పట్టవు. తొలి సంవత్సరముల చిత్రములు పెక్కు ఆ సంపుటములలో చేరలేదు. షుల్జ్‌కు తన తొలినాటి గీతలు అంతగా నచ్చెడివి కావు; వానిని మరల అచ్చువేయించుటకు ఇచ్చగింపలేదు. పత్రికలలో రంగులతో వచ్చిన ఆదివారపు చిత్రములు ఈ పుస్తకములలో నలుపు తెలుపులకు దిగినవి. ఏ చిత్రము ఏ తేదీనాటిదో చెప్పు సూచిక లేకుండుటచే, ఏది ముందో ఏది వెనుకో పాఠకునకు తెలియదు.

దీని ఫలితము చిత్రమైనది. జేబు పుస్తకములతో పెరిగిన తరమువారు చార్లీ బ్రౌన్ మొదటినుండియు విచారవదనుడే అనుకొనిరి. స్నూపీ మొదటినుండియు తత్త్వవేత్తయే అనుకొనిరి. తాము ప్రేమతో స్మరించుచున్నది మొత్తము చిత్రమాలను కాదు, ఇతరులు తమకై ఏర్చిపెట్టిన భాగమును అని వారు ఎఱుగరు. బాల్యస్మృతులన్నియు ఇంచుమించుగా ఇట్టివే. మనము దాచుకొన్నదానినే జరిగినదానిగా తలంతుము.

షుల్జ్ తన చిత్రమాలను సహాయకులు లేకుండ, అక్షరములతో సహా, తానే గీసెను. 50 సంవత్సరముల కాలములో ఆయన తీసికొన్న దీర్ఘవిశ్రాంతి ఒక్కటే: 1997లో, తన 75వ జన్మదిన సందర్భమున, 5 వారములు. అనారోగ్యముచే విరమించునాటికి చిత్రమాల 2,600కు పైగా పత్రికలలో వచ్చుచుండెను. చివరి దినచిత్రము 2000 జనవరి 3న వెలువడెను. ఆయన ఫిబ్రవరి 12వ తేదీ రాత్రి, కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో, కన్నుమూసెను. మరునాటి ఉదయము చివరి ఆదివారపు చిత్రము పాఠకుల ఇండ్లకు చేరెను. మొత్తము చిత్రములు 17,897. తన పిమ్మట మరెవ్వరును దీనిని కొనసాగింపరాదని ఆయన కోరెను. ఆ కోరిక పాటింపబడెను.

అప్పుడు పూర్తి సంపుటముల పని ఆరంభమయ్యెను. ఫాంటాగ్రాఫిక్స్ అను సంస్థ 2004నుండి 2016 వరకు, రెండు సంవత్సరముల చిత్రములకు ఒక సంపుటము చొప్పున, తేదీల వరుసలో, 25 సంపుటములలో చిత్రమాలనంతటిని ముద్రించి, తక్కిన బొమ్మలతో 26వ సంపుటము చేర్చెను. తొలి సంవత్సరముల చిత్రములు కొన్నింటికి మంచి ప్రతులు సులభముగా దొరకలేదు. గ్రంథాలయములలోని సూక్ష్మచిత్రములను, అభిమానులు కత్తిరించి దాచుకొన్న పత్రికా ఖండములను వెదకవలసి వచ్చెను. ప్రపంచమున ఇంత పేరుపొందిన రచనకు కూడ, తేనీటి రంగు తిరిగిన కాగితపు ముక్కలే ఆధారమైనవి. ఎవరో యొక గృహస్థు, ఏ ప్రయోజనమును ఆశింపక, కత్తెరతో కత్తిరించి పుస్తకమున అంటించియుంచుటచే అవి మిగిలినవి.

పూర్తి సంపుటములు చూచినవారికి మరియొక చార్లీ బ్రౌన్ ఎదురయ్యెను. 1950నాటి బాలుడు కొంటెవాడు. ఇతరులను ఏడిపించి పరుగెత్తువాడు. మెలికల చారల చొక్కా కూడ అతనికి ఆరంభమున లేదు. అది 1950 డిసెంబరులో వచ్చినది. 1952లో ప్రవేశించిన లూసీ గుండ్రని కండ్ల పసిపాప. ఎన్నో ఓటముల పిదపగాని ఆ బాలుడు మనకు తెలిసిన చార్లీ బ్రౌన్ కాలేదు. అతని విచారము పుట్టుకతో వచ్చినది కాదు, దినదినము గీయగా గీయగా ఏర్పడినది. ఈ సత్యము జేబు పుస్తకములో దొరకదు. కాని జేబు పుస్తకములు లేకుండిన, పూర్తి సంపుటములను కోరు పాఠకులే మిగిలియుండెడివారు కారు. ఒకటి ప్రేమను నిలిపినది. మరియొకటి సత్యమును నిలిపినది. రెండును కావలసినవే.

ఇట్టి పాత జేబు పుస్తకములు మన ఇండ్లలోను ఉండవచ్చును. అమెరికావే కానక్కరలేదు, మన తెలుగు చౌక ముద్రణలైనను సరే. కనుక వాని రక్షణను గూర్చి రెండు మాటలు చెప్పుట ఉచితము. చౌక కాగితమును కొయ్యగుజ్జుతో చేయుదురు. అందులో లిగ్నిన్ అను పదార్థము కలదు. వెలుతురు, గాలి సోకిన అది పసుపుబారును. కాగితము తయారీలో కలిపిన పటిక వంటి లవణములనుండి ఆమ్లము పుట్టి పీచును తినివేయును. కాగితము అప్పడమువలె విరుగును. వేడియు తేమయు ఎక్కువగానున్న మన కోస్తా ప్రాంతములలో ఇది త్వరితముగా జరుగును. అందుచేత పుస్తకమును ఎండ తగులు కిటికీ ప్రక్కన గాని, చెమ్మగల గోడకు ఆనించి గాని ఉంచరాదు. చినిగినచోట జిగురుటేపు అంటింపరాదు. కొలది సంవత్సరములకు ఆ జిగురే మరకయై కాగితమును పాడుచేయును. కుట్టు లేని పుస్తకమును వెల్లకిల విప్పి అదుమరాదు. ఎండిన జిగురు పగిలి పుటలు ఊడివచ్చును. సగము మాత్రము విప్పి చదువుట క్షేమము.

వారపత్రికలలోని ధారావాహిక నవలలను వారము వారము చింపి దాచి, పూర్తియైన పిదప దారముతో కుట్టి, అట్టవేయించుకొను అలవాటు మన తెలుగు ఇండ్లలో ఒకప్పుడు విస్తారముగా నుండెను. ఆ కుట్టు పుస్తకములలో కథతోపాటు వెనుకవైపు ప్రకటనలు, సగము తెగిన బొమ్మలు, చదువరుల ఉత్తరములు కూడ మిగిలిపోయెడివి. అచ్చువేసిన నవలలో అవి యుండవు. ఆ కాలము ఎట్లుండెనో తెలియగోరువారికి నేడు అవియే విలువైనవి. వానిని కుట్టినవారు చరిత్రను రక్షించుచున్నామని తలంపలేదు. తమకు నచ్చినదానిని మరియొకసారి చదువవలెనని మాత్రమే తలంచిరి.

రేడియోలో మాటలాడు మాకు ఈ విషయము మరింత దగ్గరిది. పత్రిక ఒక దినము బ్రతుకును. ప్రసంగము పలికినంతసేపే బ్రతుకును. ఈ పుటలలో అచ్చుపడిన కొన్ని ప్రసంగములు పాఠకుల చేతికి అందుచున్నవి. అచ్చుకాని వానిని విన్నవారి జ్ఞాపకమే కాపాడవలెను. ఏది అచ్చుకావలెనో ఏది పోవలెనో నిర్ణయించుచున్నప్పుడు, షుల్జ్ ఒల్లక విడిచిన తొలి చిత్రములు నాకు గుర్తుకు వచ్చుచుండును. నేడు మనకు అల్పముగా తోచినదే రేపటివారు వెదకునది కావచ్చును. ఇంటిలో పాత పత్రికల కట్టను అంగడివానికి తూకమునకు వేయుటకు ముందు, ఒక్కసారి విప్పి చూడుడు. పిల్లలు నవ్విన బొమ్మ యేదైన అందులోనున్నచో, కత్తిరించి, ప్రక్కన తేదీ వ్రాసి, ఒక పుస్తకమున ఉంచుడు.